నడిమి జాలీని నేనే పొగిడాను, నేనే పీకేశాను

మా గినీ పిగ్‌ల కోసం మూడేళ్లుగా వాడుతున్న గ్రిడ్ ప్యానెళ్ల (తీగ పలకలు కలిపి కట్టే) కేజ్ ఇది. ఎలా బిగించాలి, అడుగున ఏం పరవాలి అన్నది గినీ పిగ్‌లు పెంచేవాళ్లందరికీ తెలిసిందే, ఆ జోలికి పోను. నా గొడవంతా మధ్యలో అడ్డంగా పెట్టే జాలీతోనే, అంటే డివైడర్‌తో. మొదటి ఏడాది అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ దాని గొప్పలే చెప్పాను. మా రెంటిలో ఒకటైన గౌరికి ఆపరేషన్ అయినప్పుడు, దాని జోడీ గంగ కళ్లెదుటే ఉండేలా దాన్ని విడిగా ఉంచగలిగాను మరి.

పోయినేడు చిట్టి, బొట్టు అనే రెండు పిల్లలు వచ్చాయి. నాలుగూ ఆడవే. పిల్లల్ని డాక్టరుకు మళ్లీ చూపించి ఆ సంగతి ఖాయం చేసుకున్నాను. అమ్మేవాళ్లు పొరబడటం మామూలే, ఈ జాతిలో నెల దాటిన పిల్లకే కడుపు వచ్చేయగలదు. జాలీకి అవతల ఉంచితే క్వారంటైన్ అయిపోయినట్టే అనుకునేవాళ్లకు ఒక మాట: అవదు. జాలీలోంచి గాలి వస్తుంది, తుమ్ములూ వస్తాయి. నేను వేరే గదిలో ఉంచాను కాబట్టి సరిపోయింది. మూడో రోజే బొట్టు ఒంటిమీద పేలు కనిపించాయి. వాటి మందు పూర్తయ్యేసరికి మూడు వారాలు పట్టింది.

ఆ తర్వాత జాలీకి అటు రెండు, ఇటు రెండు. ఇంకో మూడు వారాలు. గంగ జాలీకి ఆనుకుని పడుకునేది, అవతల చిట్టి కూడా అలాగే. ఫొటోలు తీసి మురిసిపోయాను. ఇంకేముంది, స్నేహం కుదిరిపోయింది అనుకుని ఒక ఆదివారం పొద్దున్నే జాలీ తీసేశాను.

పది నిమిషాలు పట్టలేదు. గంగ గుర్రుగుర్రుమంటూ నడుము ఊపుకుంటూ వచ్చింది. అంతవరకూ ఫరవాలేదు, పెత్తనం తేల్చుకోవడానికి అవి అలా చేస్తాయి. చిట్టి బెదిరి ఎదురుగా ఉన్న చెక్క ఇంట్లో దూరింది. అది గౌరీ గంగల ఇల్లు. దానికి ఒకటే గుమ్మం. గంగ ఆ గుమ్మంలో నిలబడి పళ్లు టకటకలాడించింది. లోపల పిల్లకు పారిపోయే దారి లేదు. కెవ్వుమని అరుపు, ఇల్లంతా కదిలిపోతోంది. "అమ్మా, చెయ్యి పెట్టకు!" అని మా అమ్మాయి అరుస్తూనే ఉంది, పెట్టేశాను. నా వేలు తెగింది, చిట్టి చెవి చిరిగింది. రక్తం కనిపించాక ఇంకేం ఆలోచించలేదు, జాలీ మళ్లీ పెట్టేశాను. అలాంటప్పుడు మీద మందపాటి టవల్ వేసి విడదీయాలట. డాక్టరు చెప్పాకే తెలిసింది.

తర్వాత నింపాదిగా ఆలోచిస్తే తప్పు చిట్టిదీ కాదు, గంగదీ కాదు. మూడు వారాల్లో జాలీ చేసిన పని స్నేహం కుదర్చడం కాదు, ఇది మాది, అది మీది అని సరిహద్దు గీయడం. నేను ముద్దుగా ఫొటోలు తీసుకున్నది బహుశా ఆ కాపలానే.

చెవి మానాక మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఏ జంటా అడుగు పెట్టని గదిలో. మధ్యలో ఎండుగడ్డి పెద్ద కుప్ప, ఇళ్లూ గూళ్లూ ఏమీ లేవు, ఒళ్లో టవల్. నాలుగు గంటలు కూర్చున్నాను. తరుముకున్నాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, ముక్కులు పైకెత్తి నిలబడ్డాయి. లేచి విడదీయాలని ఎన్నిసార్లు అనిపించిందో! ఆ టెన్షన్‌ను ఓర్చుకోవడమే అసలు కష్టం. రక్తం రానంతవరకూ ఆపకూడదు, ఆపితే ఆ పంచాయితీ మళ్లీ మొదటికొస్తుంది. చీకటి పడేసరికి నాలుగూ కుప్ప చుట్టూ చేరి గడ్డి నములుతున్నాయి. ఈలోపు మా అమ్మాయి కేజ్ మొత్తం కడిగి, పాత వాసన లేకుండా గుడ్డలన్నీ మార్చి, రెండు గుమ్మాల గూళ్లు పెట్టింది. నీళ్ల సీసాలు కూడా రెండు.

విచిత్రమేమిటంటే ఆ గదిలో కట్టిన ఆవరణ కూడా ఈ కేజ్ కోసం కొన్న మిగులు ప్యానెళ్లతోనే. అందుకే కేజ్ మీద నాకు కోపం లేదు. ఇంకో నాలుగు ప్యానెళ్లు కలిపి పొడవు పెంచాను, నాలుగింటికీ చోటు చాలుతోంది. జాలీ మాత్రం జబ్బు చేసినప్పుడు వాడుకోవడానికే. కొత్తవాటిని కలపడానికైతే నా ఓటు పడదు. ఇదంతా ఆడవాటితో, అందులోనూ నెమ్మదస్తురాలైన గౌరి ఉన్న ఇంట్లో జరిగింది. మగ జంట ఉన్నవాళ్లు నా మాట పట్టుకుని ఇంకో రెంటిని తెచ్చుకోకండి, నాలుగు మగవి కలిసి బతకడం చాలా కష్టం. రోజంతా ఇంట్లో ఉండే వీలు కూడా నాకుంది, అది అందరికీ కుదరదు.

జాలీ ఇప్పుడు గడ్డి తొట్టి వెనక గోడగా ఉంది. రోజూ తెల్లవారుజామున బొట్టు దాని తీగ కొరుకుతూ అందర్నీ నిద్రలేపుతోంది.