చూపుకి హోండా, మలుపుకి సుజుకీ: తొమ్మిదేళ్ల అనుభవం

మా గ్యారేజీలో రెండు పాత జపాన్ బండ్లున్నాయి. 1975 హోండా సీబీ750, 1977 సుజుకీ జీఎస్750. హోండా కొని తొమ్మిదేళ్లు, సుజుకీ కొని ఆరేళ్లు. కాలిఫోర్నియాలో స్కైలైన్ రోడ్డు మీద, అక్కణ్ణించి లా హోండా ఊరి మీదుగా సముద్రం వైపు దిగే 84వ నంబరు రోడ్డు మీద రెండిటినీ ఎన్నిసార్లు నడిపానో లెక్కలేదు.

అందంలో హోండాకి సాటి లేదు. విజయవాడలో నాన్న యెజ్డీ వెనక కూర్చుని పెరిగినవాణ్ణి. ఒక్క సిలిండర్‌కి రెండు సైలెన్సర్లుండే ఆ బండే మాకు గొప్ప. అలాంటిది హోండాకి అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు సైలెన్సర్లు. 1969లో ఈ మోడల్ వచ్చినప్పుడు నాలుగు సిలిండర్లు, ముందు డిస్క్ బ్రేకు రెండూ కలిసి మామూలు జనం కొనగలిగే బండిలో రావడమే పెద్ద విశేషం. కడిగాక పై సైలెన్సర్‌కీ కింది సైలెన్సర్‌కీ మధ్య గుడ్డ దూర్చి తుడవడానికే అరగంట పడుతుంది. ఆ అరగంట నాకెప్పుడూ బరువనిపించలేదు. సీట్లో కూర్చుని కిందికి చూస్తే ట్యాంకుకి రెండు పక్కలా ఇంజను బయటికి కనిపిస్తుంది. 736 సీసీ అని ఎవరూ చెప్పక్కర్లేదు.

సుజుకీ పక్కన పెడితే సాదాగా ఉంటుంది. సైలెన్సర్లు రెండే. పేరు చూడకపోతే ఏ కంపెనీదో చెప్పడం కష్టం.

అయితే లా హోండా వైపు దిగేటప్పుడు కథ మారుతుంది. మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలితే చాలు, నా హోండా వెనక చక్రం ముందు చక్రం మాట వినేది కాదు. బండి నడుం ఊపినట్టు ఊగేది. ఒక షాపువాళ్లు షాకబ్జార్బర్లు మార్చి, మంచి బిల్లు వేసి, బాగైపోయిందన్నారు. ఊపు అలాగే ఉంది. చివరికి నేనే వెనక చక్రం ఊడదీసి, ఆ చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే చేయి, అంటే స్వింగ్ ఆర్మ్ పట్టుకుని కదిపితే అటూ ఇటూ ఆడింది. పాత ఓనరు ఏళ్ల తరబడి గ్రీజు పెట్టలేదు, ఆ చేయి ఫ్రేమ్‌కి కలిసేచోట ఉండే గొట్టాల్లాంటి బుష్‌లు అరిగిపోయాయి. కంచు బుష్‌లు వేయించాక ఊపు చాలా తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు.

సుజుకీకి ముందు టైరు అదే సైజు, 19 అంగుళాలు; వెనకది 18, హోండాకంటే ఒక్క అంగుళమే ఎక్కువ. ఐనా అదే మలుపులో గీత గీసినట్టు వెళుతుంది. ఫ్రేమ్ గట్టిది, స్వింగ్ ఆర్మ్‌లో బుష్‌లకి బదులు కంపెనీవాళ్లే సన్నటి రోలర్లుండే నీడిల్ బేరింగులు పెట్టారు. అంతవరకూ టూ-స్ట్రోక్ బండ్లకే పేరున్న సుజుకీ తొలి నాలుగు సిలిండర్ల ఫోర్-స్ట్రోక్‌లోనే ఇంత కుదురు తెచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మలుపులో పొరపాటున వేగం ఎక్కువైనా టెన్షన్ పెట్టదు, ఇంకాస్త వంచితే వంగుతుంది.

వానలో మాత్రం రెండూ ఒకటే. స్టీలు డిస్క్ తడిస్తే లివర్ నొక్కాక ఒక్క క్షణం ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటుంది. మంచు కురిసే పొద్దుల్లో అప్పుడప్పుడూ బ్రేకు తాకిస్తూ డిస్క్ ఆరబెట్టుకుంటూ వెళతాను.

ఒక స్నేహితుడి కవాసాకీ జెడ్1 రెండుసార్లు నడిపాను. 903 సీసీ, తోక పైకెత్తినట్టుండే సీటు, చేయి తిప్పితే దూసుకుపోయే పికప్. తిన్నటి రోడ్డు మీద దానికదే సాటి. మలుపుల్లో నాకు నమ్మకం కుదరలేదు. అందమూ కుదురూ ఒకే బండిలో కావాలంటే హోండా సీబీ400 ఫోర్ వెతకండి. 408 సీసీయే, కానీ నాలుగు పైపులూ ఒకే వంపుతో కుడిపక్కకి తిరిగి ఒకటయ్యే తీరు చూస్తే కళ్లు తిప్పుకోలేరు. పైగా తేలిక.

వీటిలో ఏది కొన్నా డబ్బు ఇచ్చేముందు సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కకి గట్టిగా ఊపి చూడండి. లోపల టక్కుమని తగిలితే బుష్‌ల ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.