క్షమాపణ, సమాధానపడటం: ఒక శ్రమకాలపు సదస్సుపై సమీక్ష

గుంటూరులోని ఒక క్రైస్తవ సంఘం శ్రమకాలంలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస ప్రార్థనల రోజుల్లో, మట్టల ఆదివారానికి ముందు శుక్ర, శనివారాల్లో నిర్వహించిన ఈ సదస్సుకు నా భార్యతో కలిసి హాజరయ్యాను. భోజనంతో సహా మనిషికి 300 రూపాయల రుసుము. ఉజ్జీవ కూడికలకు (భక్తిని రగిలించే సభలకు) అలవాటుపడినవారికి ఇక్కడ పాటలు, సాక్ష్యాలు తక్కువగా తోచవచ్చు. ఎక్కువ సమయం మత్తయి సువార్త 18వ అధ్యాయంతోనే గడిచింది.

రాజు తనకు పదివేల తలాంతుల అప్పు కొట్టివేసినా, నూరు దేనారాలు బాకీపడిన తోటి దాసుణ్ణి వదలని 'క్షమించని దాసుని' ఉపమానాన్ని బోధకులు బోర్డు మీద లెక్కకట్టి చూపించారు. దేనారం ఒక కూలివాని దినవేతనం, తలాంతు సుమారు ఆరు వేల దేనారాలు. నేటి రోజుకూలి 500 రూపాయలనుకుంటే తోటి దాసుని బాకీ 50,000 రూపాయలు, రాజు కొట్టివేసిన పదివేల తలాంతులు 3,000 కోట్లు. ఆ రెండో అంకెకు సభంతా నవ్వింది గానీ, నన్ను ఆలోచింపజేసింది మొదటిది. ప్రసంగీకులు చాలామంది నూరు దేనారాలను చిల్లర కింద తీసిపారేస్తారు. చేబదులిచ్చిన యాభై వేలు తిరిగి రాని ఇంట్లో అది చిల్లర కాదు. నష్టం నిజమైనదేనని ముందు ఒప్పుకొని, ఆ తరువాతనే క్షమించమని అడగడం ఈ సదస్సులో నాకు అన్నింటికంటే నచ్చిన విషయం.

మధ్యాహ్నం, తాము అన్యాయం చేసినవారికి ఉత్తరం రాయమన్నారు. 'నా వల్ల ఏమైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించండి' అన్న కాగితాలను నిర్వాహకురాలు నిర్మొహమాటంగా వెనక్కి ఇచ్చి, చేసిన పనేమిటో రాయమన్నారు. నా పక్కనున్న పెద్దాయన రెండు కాగితాలు చింపి, మూడో దానిమీద 'గట్టు రాయి జరిపింది నేనే, తమ్ముడూ' అని రాశారు. రాయిని తిరిగి పాత చోట పాతిన తరువాతే ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) దగ్గరికి రావాలని ఆమె చెప్పినప్పుడు ఆయన మారు పలకలేదు. సువార్తలోని సుంకరి (పన్ను వసూలుదారు) జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న మాటను ఆమె అక్కడ గుర్తుచేయడం సమయోచితంగా ఉంది. తప్పు చేసిన సహోదరునితో ముందుగా ఒంటరిగా మాట్లాడాలన్న మత్తయి 18వ అధ్యాయం 15వ వచనాన్ని కూడా వివరించారు. సంగతి అసలు మనిషికంటే ముందు స్త్రీల సమాజానికి, పెద్దలకు చేరడం మన సంఘాల్లో కొత్తేమీ కాదు కదా!

శనివారం సాయంత్రపు కార్యక్రమం మాత్రం నిరాశపరిచింది. భర్త కొడుతుంటే ఏం చేయాలని ఒక సోదరి చీటీ పంపితే, ప్రార్థించి క్షమించమన్న రెండు ముక్కలతో సరిపెట్టారు. మనసులో క్షమించడం వేరు, కొట్టే మనిషి మారకముందే అదే ఇంటికి తిరిగి వెళ్లడం వేరు. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అధికారిని ఆశ్రయించవచ్చన్న సంగతైనా ఆ వేదిక మీద ఎవరూ చెప్పలేదు. ఆ వెంటనే అందరినీ లేపి, పక్కవారిని కౌగిలించుకోమన్నారు.

ఆస్తి తగాదాలు, అత్తాకోడళ్ల మనస్పర్థలు ఉన్నవారు తప్పక వెళ్లవచ్చు. ఇంట్లో హింసను భరిస్తున్నవారికి, న్యాయ సలహాదారు గానీ శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ లేనంతవరకు, నేను దీనిని సిఫారసు చేయలేను.