ఆరిపోవడమే దీని గొప్ప: నీళ్ల పెన్ను బొమ్మల పుస్తకం, పదకొండు నెలల తర్వాత

పేజీలెన్ని, బొమ్మలేంటి, ధరెంత అన్నవి అమ్మేచోటే రాసి ఉంటాయి. చంటిబిడ్డకి పాలిస్తూ రెండేళ్ల పెద్దవాణ్ని కనిపెట్టుకోవాల్సిన తల్లికి ఇందులో పనికొచ్చే సుగుణం ఒక్కటే. నీళ్లు నింపిన పెన్నుతో పేజీని తడిపితే బొమ్మకి రంగు తేలుతుంది, ఆరితే మళ్లీ తెల్లబడుతుంది. అయస్కాంతం పలక నిండగానే "అమ్మా, చెరిపెయ్" అని తెచ్చి ఒళ్లో పెడతారు, రెండేళ్ల చేతికి దాన్ని చెరిపే పట్టీ చివరిదాకా జరగదు కాబట్టి. క్రేయాన్లయితే విరిగిన ముక్క ఎటు పోయిందో చూసుకోవాలి. బిడ్డ రొమ్ము పట్టాక ఒక చెయ్యి తల కింద, రెండోది వీపు మీద ఉంటుంది. అప్పుడు అమ్మని లేపని వస్తువు ఇది తప్ప మా ఇంట్లో మరొకటి దొరకలేదు. ఈ ఒక్క గుణానికి ఇప్పటికీ దీనికి రుణపడి ఉన్నాను.

దీని లెక్క ఇలా నడుస్తుంది. నాలుగు పేజీలు, ఒక్కో పేజీకి రెండు మూడు నిమిషాలు. ఫ్యాన్ గాలికి ఒక పేజీ ఆరడానికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. నాలుగోది అయ్యేసరికి మొదటిది తెల్లగా సిద్ధంగా ఉంటుంది. ఎండాకాలంలో ఇంకా ముందే ఆరుతుంది. ఒకవైపు పాలు, భుజాన వేసుకుని తేన్పు, రెండోవైపు పాలు, అన్నీ కలిపి ఇరవై నిమిషాలు ఈ చక్రంలో గడిచిపోతాయి.

అయితే ఈ లెక్క వానాకాలంలో చెడుతుంది. పేజీ మీదున్న తెల్లపూత నిండా కంటికి కనపడని సందులుంటాయి. పొడిగా ఉంటే వాటిలో గాలి నిండి వెలుతురు చెదురుతుంది, పూత తెల్లగా కనిపిస్తుంది. ఆ సందుల్లో నీళ్లు నిండితే పూత గాజులా మారి కింది అచ్చు బయటపడుతుంది. అంటే ఆటంతా నీళ్లు ఎంత త్వరగా ఆవిరవుతాయన్న దాని మీదే ఉంది. ముసురు పట్టినరోజు అరగంటైనా పేజీ ఆరదు. పిల్లాడు మొదటి పేజీకి తిరిగొచ్చి, రంగు అప్పటికే ఉండడం చూసి, ఇంకా గట్టిగా రుద్దుతాడు. తడిసి మెత్తబడిన పూత పొట్టులా లేచిపోతుంది. అలా లేచినచోట ఇక రంగు దాగదు. తడి పేజీలు మూసేసినా అంతే, ఒకదానికొకటి అతుక్కుని విడదీసేటప్పుడు చిరుగుతాయి. ఆట అవగానే పుస్తకాన్ని గుడారంలా తెరిచి ఫ్యాన్ కింద నిలబెట్టాలి. ఎండలో పెడితే అట్ట వంగిపోతుంది. వానాకాలానికి రెండు పుస్తకాలుంచుకుని మార్చి మార్చి ఇవ్వడమే దారి.

అసలు దెబ్బతీసింది పెన్ను. మొదటి నెలలో దీన్ని నేనే చాలామందికి మెచ్చుకుని చెప్పాను కాబట్టి, ఇప్పుడు ఈ సంగతీ వివరంగా చెప్పడం నా బాధ్యత. పెన్ను గొట్టంలో పట్టేవి ఒక టీస్పూన్ నీళ్లు. కొనలో ఉన్న వత్తి ఆ నీళ్లని కొంచెం కొంచెంగా వదులుతుంది. పెద్దవాళ్లు పట్టుకుంటే ఏమీ కాదు. రెండేళ్లవాళ్లు రాయరు, పొడుస్తారు. పొడిచిన కొద్దీ వత్తి లోపలికి జారుతుంది, మూడో వారానికి పూర్తిగా గొట్టంలోకి పోతుంది, నీళ్లన్నీ ఒక్కసారిగా పేజీ మీదా పరుపు మీదా పడతాయి. గొట్టం సగమే నింపితే పడేవీ సగమే. వత్తిని పట్టకారుతో బయటికి లాగి పెట్టినా, ఒకసారి వదులైంది మళ్లీ బిగుసుకోదు.

అంతకంటే నన్ను భయపెట్టింది లోపలి బూజు. నీళ్లు మిగిల్చి మూత పెట్టేస్తే, వారంలోపే వత్తి మొదట్లో నల్లటి చుక్కలు వచ్చాయి. ఆ కొనని పిల్లాడు చీకుతాడు. ఆ పెన్నుని కడగడం కుదరదు, పారేయాల్సిందే. రోజూ రాత్రి నీళ్లు వంపేసి, మూత తీసి, కొన కిందికి ఉండేలా గ్లాసులో నిలబెడితే చుక్కలు రావు. బోరు నీళ్లు పోసినా ఇబ్బందే. సున్నం వత్తిలో గట్టిపడి నీళ్లు దిగవు, పేజీ మీద తెల్లటి చారలు మిగులుతాయి. తాగే ఫిల్టర్ నీళ్లే పోయండి.

నాలుగో నెల నుంచి పెన్నులు మానేసి, లావు పిడి ఉన్న బల్లపరుపు కుంచె ఇస్తున్నాను. అడుగు బరువున్న చిన్న స్టీలు గిన్నెలో రెండు చెంచాల నీళ్లు, అంతే. మొత్తం ఒలికినా ఒక చేతిగుడ్డకి సరిపోతుంది. స్పాంజి ముక్కతో కూడా రంగు బాగా తేలుతుంది కానీ, కొరికి మింగే వయసు, వద్దు. పెన్ను మూత కూడా గొంతుకి అడ్డం పడేంత చిన్నది. పుస్తకం తెరిచిన రోజే దాన్ని పైఅరలోకి చేర్చండి. చేతులు ఖాళీగా లేని సమయానికి శనగలూ రాజ్మా గింజలూ ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోసే ఆట చాలామంది చెబుతారు. అవి ముక్కులోకి వెళ్తే మీరు బిడ్డని వదిలి లేచేలోపు ఆలస్యమవుతుంది, దయచేసి ఇవ్వకండి.

ఎక్కడ కూర్చోబెట్టాలన్నది కూడా ముఖ్యమే. పక్కన కూర్చోబెడితే రొమ్ము మార్చినప్పుడల్లా పెద్దవాణ్ని అటు నుంచి ఇటు జరపాలి, అక్కడే గొడవ మొదలవుతుంది. మీకు ఎదురుగా చాప, చాప మీద పీట, పీట మీద పుస్తకం ఉంటే ఎటు మార్చినా వాడు మీ కంటి ముందే ఉంటాడు. గిన్నెలో నీళ్లు బిడ్డ ఏడవకముందే పోసి ఉంచాలి, పెద్దవాణ్ని ఒకసారి బాత్రూమ్‌కి తీసుకెళ్లి రావాలి. పాలు అవగానే పుస్తకం పైకి వెళ్లిపోవాలి. పసికందు రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగుతుంది. ప్రతిసారీ ఇస్తే రెండు వారాల్లో మొహం మొత్తుతుంది. ఫోన్ ఇవ్వాలనిపించేంత అలసట వచ్చే మధ్యాహ్నం, సాయంత్రం పాలకి మాత్రం దాచుకోండి.

ఇరవై నిమిషాలని పైన రాశాను. అది నేను మాట్లాడుతూ ఉంటేనే. "ఏనుగు చెవి ఏ రంగు? తోక తడిపావా?" అని అడుగుతూ ఉండాలి. మౌనంగా వదిలేస్తే ఏడెనిమిది నిమిషాలే. చిన్నదానికి ఐదో నెల దాటాక ఇంకో చిక్కు వచ్చింది. అన్న చేతిలో రంగు మారడం చూసి రొమ్ము వదిలేసి అటు తిరుగుతోంది. ఇప్పుడు పగటి పాలకి పుస్తకం బయటికి తీయడం దాదాపు మానేశాను.

మొదలుపెట్టినప్పుడు మావాడికి రెండేళ్ల రెండు నెలలు, ఇల్లు ఎండ బాగా తగిలేది, తోడుగా మా అత్తగారున్నారు. ఏడాదిన్నర లోపు పిల్లలకి ఇది నమిలే అట్టే అవుతుంది. మూడున్నర దాటినవాళ్లకి అవే బొమ్మలు మళ్లీ మళ్లీ రావడం నచ్చకపోవచ్చు. మొదటి మూడు నెలలకైతే మళ్లీ కొంటాను, కుంచె విడిగా తీసుకుని.