కెండాంగ్ కోసం జావా వెళ్తే మకాం సోలోలో పెట్టండి

గామెలాన్ అనే సంప్రదాయ వాద్యమేళం వినాలని ఇండోనేషియాలోని జావా దీవికి వెళ్లేవాళ్లు చాలావరకు యోగ్యకర్తాలోనే దిగుతారు. మేళం మొత్తం ఒకసారి విని రావాలంటే అది సరిపోతుంది. కానీ నాలాగా మృదంగం నేర్చుకుంటూ, ఆ మేళాన్ని నడిపే రెండు ముఖాల డోలు కెండాంగ్ కోసమే వెళ్తే మాత్రం ఎక్కువ రాత్రులు సోలోలో ఉండమంటాను. దీని అధికారిక పేరు సురకర్తా, అక్కడివాళ్లకు సోలో. వాయించేవాడి చేతులు దగ్గరగా కనిపించేది అక్కడే.

ముందు యోగ్యకర్తా సంగతి. సుల్తాన్ కోట, అంటే క్రాటన్‌లో ఉదయం పూట సందర్శకుల కోసం గామెలాన్, నాట్యం, తోలుబొమ్మలాట ఉంటాయి. సోమవారం మూసేస్తారు. మండపం అందంగా ఉంటుంది, వాద్యాలూ గొప్పవి. అయితే గైడ్‌ల మాటలు, ఫోటోల హడావిడి మధ్య కెండాంగ్‌లోని సన్నని దెబ్బలు వినపడవు. ప్రంబనన్ గుడి దగ్గర రామాయణ నృత్యం 1961 నుంచి జరుగుతోంది. వానలు లేని నెలల్లో గోపురాలు వెనక కనిపించేలా ఆరుబయట వేదిక మీద ఆడతారు. కథ మనదే కాబట్టి కుటుంబంతో వెళ్తే తప్పక చూడండి. కాకపోతే స్పీకర్లలో వచ్చే మోతలో ఏది అరచేయో ఏది వేళ్లో తెలియదు, అందుకే నా పని అక్కడ కాలేదు.

యోగ్యకర్తా నుంచి సోలోకి లోకల్ రైలు ఉంది. నేను వెళ్లినప్పుడు టికెట్ 8,000 రుపియాలు (ఇండోనేషియా డబ్బు), గంటకు కొంచెం పైగా పట్టింది. కారు మాట్లాడుకోవాల్సిన పనే లేదు. యోగ్యకర్తాలో నేనున్న గెస్ట్‌హౌస్ వాళ్లు 'గామెలాన్ క్లాస్' అని ప్యాకేజీ అమ్మారు. వెళ్తే అందరికీ తలో సుత్తి ఇచ్చి ఇత్తడి పలకల మీద ఒక చిన్న పాట కొట్టించి పంపించేశారు. కెండాంగ్ ముట్టుకోనివ్వలేదు. డబ్బు కట్టే ముందే ఏ వాద్యం నేర్పుతారో అడగండి. సోలోలో బస చేసిన ఇంటివాళ్లు ఏ హంగూ లేని గది ఇచ్చారు, వేడినీళ్లు కూడా ఒక పూటే. అయినా ఊళ్లో వాయించే పెద్దాయన ఒకరి దగ్గరికి స్వయంగా తీసుకెళ్లారు. నాకు ఆ సాయం ముందు ఏసీ గది ఎక్కువేం కాదు.

ఆయన ముందు నేర్పింది చేతులు మార్చుకోవడం. మృదంగంలో కుడిచేతి వైపు చిన్న ముఖం ఉంటుంది, కెండాంగ్‌లో పెద్ద ముఖం. కట్టె మాత్రం రెండింటికీ పనసే. మృదంగం ముఖం మీద ఉండే నల్లటి పూత, కరణి, దీనికి ఉండదు కాబట్టి శ్రుతి పట్టుకునే నాదం రాదు, చర్మం ఎక్కడ తాకాం, ఎంతసేపు ఆపాం అన్నదే పలుకు. ఎడమ అరచేయి చిన్న ముఖాన్ని చరిస్తే 'తక్'. పెద్ద ముఖం అంచున వేళ్లు తగిలించి వెంటనే తీస్తే మోగేది 'టుంగ్'. పెద్ద కెండాంగ్ లోతుగా పలికితే 'డహ్'. మధ్యలో చర్మాన్ని అంటీ అంటనట్టు తాకి అక్కడే ఆపేది 'కెత్'. వినేవాళ్లకు వినపడీ వినపడనట్టుండే ఈ కెత్‌ల మీదే వాయించేవాడి లెక్క నిలుస్తుంది. కెటిపుంగ్ అనే చిన్న కెండాంగ్‌నూ పెద్ద కెండాంగ్‌నూ ఒక్కడే కలిపి వాయించే పద్ధతిలో టుంగ్, తక్ చిన్నదాని నుంచి, డహ్ పెద్దదాని నుంచి వస్తాయి. మధ్య సైజు కెండాంగ్, చిబ్లోన్, నాట్యానికి. దాని మీద వేళ్లు ఎంత చురుగ్గా ఉంటాయో చెప్పలేను.

మన దగ్గర మృదంగం గాయకుడి వెంట నడుస్తుంది. ఇక్కడ మేళమంతా కెండాంగ్ వెంట నడుస్తుంది. కెండాంగ్ వాయించేవాడు దెబ్బలు వెడల్పు చేస్తే అసలు స్వరాల నడక సగానికి తగ్గుతుంది, మధ్య ఖాళీని మిగతా వాద్యాలు రెట్టింపు దెబ్బలతో నింపుతాయి. ఒక్క మాట లేదు, చేయి ఊపడం లేదు. అంతమందికీ అది చర్మం మీది పలుకుతోనే అందుతుంది. ఇది ఎదురుగా కూర్చుని చూస్తే తప్ప నమ్మకం కలగదు.

అందుకు సోలోలో రెండు చోట్లు చెబుతాను. బుధవారం ఉదయం మంగ్కునెగరన్ కోటలో నాట్య సాధన. ప్రదర్శన కాదు, సాధన కావడమే దాని గొప్ప. ఆపి, మళ్లీ మొదలుపెట్టి, చిబ్లోన్ దెబ్బకు నర్తకి భుజం ఎక్కడ తిరగాలో సరిచూసుకుంటారు. చెప్పులు విడిచి కింద కూర్చోవాలి. వాద్యాల మీదుగా దాటకూడదు, ఆ మర్యాద మనకు వేరే చెప్పక్కర్లేదు. రెండోది శ్రీవెదారి నాటకశాల. 1910 ప్రాంతం నుంచి మనుషులే పాత్రలు కట్టే వాయాంగ్ ఒరాంగ్ ఆడుతున్నారు. టికెట్ చవక, భాష రాకపోయినా ఘటోత్కచుడు, అర్జునుడు కనిపిస్తే కథ అర్థమైపోతుంది. మేళం వేదిక ముందే ఉంటుంది కాబట్టి మొదటి వరుసలో పక్కకు కూర్చోండి. కుర్చీలు పాతవి, దోమలున్నాయి, ఓడోమాస్ పెట్టుకెళ్లండి.

శాకాహారులకు టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద), గాడో-గాడో (వేరుశనగ సాస్‌తో కూరగాయలు) దొరుకుతాయి. గుడెగ్ అనే పనసకాయ కూర రుచిగానే ఉంటుంది కానీ పశువు తోలుతో చేసిన క్రెచెక్ పక్కనే వడ్డిస్తారు, వద్దని ముందే చెప్పాలి. రంజాన్ నెలలో మాత్రం వెళ్లకండి. ఆ నెలలో చాలా చోట్ల గామెలాన్ ఆపేస్తారు, బుధవారం సాధన కూడా ఉందో లేదో కనుక్కున్నాకే టికెట్ తీసుకోండి.