జాగ్రత్త: డీఎస్3231 గడియారం మాడ్యూళ్లు కొనేవాళ్లు ఇది చదవండి

దుకాణం నుంచి ఇప్పుడే ఇంటికి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, వరుస తప్పితే మన్నించండి. పేరు రాయను. ఆర్డినో బోర్డులు (మనమే ప్రోగ్రాము రాసి నడిపించుకునే చిన్న కంప్యూటరు బోర్డులు) కొనేవాళ్లలో చాలామందికి తెలిసిన దుకాణమే.

మా ఊరి బడికి వేళకు దానంతటదే గంట మోగించే పెట్టె చేసిస్తానని మాట ఇచ్చాను. అది కుదిరితే పక్క ఊళ్ల బడులు నాలుగింటికీ చేద్దామని ఆ దుకాణంలో ఐదు డీఎస్3231 మాడ్యూళ్లు, అంటే సమయం లెక్కపెట్టే చిప్పున్న చిన్న బోర్డులు కొన్నాను, ఒక్కొక్కటి 220 రూపాయలు. "మన మధ్య బిల్లెందుకు తమ్ముడూ, పన్ను దండగ" అన్నాడు దుకాణదారు. ఏడేళ్లుగా అక్కడే కొంటున్నాను కదా, సరేనన్నాను.

పెట్టె బిగించిన మూడు వారాలకు హెడ్మాస్టరు గారు ఫోను చేశారు. మధ్యాహ్న భోజనం గంట ఏడు నిమిషాలు ఆలస్యంగా మోగుతోందట. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరండాలో నిలబడి ఎదురుచూస్తున్నారట.

తప్పు నాదే అనుకుని రెండు రాత్రులు కోడు తిరగేశాను. చిప్పు హెక్స్ 68 చిరునామాలో (బోర్డు దాన్ని పిలిచే నంబరు) చక్కగా పలుకుతోంది. చిప్పు సమయాన్ని పంపే బీసీడీ అంకెలను (ఒక్కో అంకెనూ విడివిడిగా నాలుగు బిట్లలో రాసే పద్ధతి) మార్చుకోవడంలోనూ పొరపాటు లేదు. చివరికి ఎప్పుడో కొన్న పాత మాడ్యూల్‌ను అదే బోర్డుకు, అదే కోడుతో పెట్టి చూశాను. పది రోజుల్లో అది ఒక్క సెకను కూడా తప్పలేదు. కొత్తవి ఐదూ రోజుకు 18 నుంచి 22 సెకన్లు వెనకబడ్డాయి. ఈ మాడ్యూళ్ల మీద ఉండాల్సిన అసలైన చిప్పు డీఎస్3231ఎస్‌ఎన్ 0 నుంచి 40 డిగ్రీల మధ్య పది లక్షల సెకన్లకు రెండు సెకన్లకు మించి తప్పకూడదు. అంటే ఏడాదికి సుమారు ఒక నిమిషం. ఇవి నెలకే పది నిమిషాలు! దూదికి అసిటోన్ అద్ది చిప్పు మీద రుద్దాను. నల్ల పూత దూదికి అంటుకుని వచ్చింది, దానితోపాటే పేరూ పోయింది. కింద గరుకు కాగితంతో అరగదీసిన గీతలు. అంటే వేరే చిప్పు పేరు చెరిపేసి, పైన ఈ పేరు అచ్చేసినట్టుంది.

ఈరోజు ఐదింటినీ, పాతదాన్నీ, పది రోజుల లెక్క రాసుకున్న కాగితాన్నీ తీసుకుని వెళ్లాను. కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. కాలేజీ పిల్లలు ఇద్దరు అవే మాడ్యూళ్లు కొంటున్నారు. వాళ్ల ముందే, "కోడు రాయడం చేతకాక చిప్పును అంటే ఎలా సార్?" అన్నాడు. ఏడేళ్లు తమ్ముడూ అని పిలిచిన నోరు సార్ అంది. పాత మాడ్యూల్‌ను పక్కన పెట్టి తేడా చూపించబోతే చేత్తో నెట్టేశాడు. అది కౌంటరు అంచు దాటి కింద పడింది. వంగి నేనే ఏరుకున్నాను. లేచి నిలబడేసరికి అడిగాడు: "బిల్లుందా?"

బిల్లు వద్దన్న మనిషి అడిగిన మాట అది! నాకు నోట మాట రాలేదు. ఆ పిల్లలిద్దరూ నా వైపు ఒకసారి చూసి, డబ్బిచ్చి, మాడ్యూళ్లు తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లను ఆపి చెప్పలేకపోయాను. 1,100 రూపాయల కంటే అదే ఎక్కువగా గుచ్చుకుంటోంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఇంకొకటి. ఆయన బిగించి ఇచ్చిన సీఆర్2032 బిళ్ల బ్యాటరీల్లో ఒకటి ఉబ్బిపోయింది. ఈ మాడ్యూల్ నీలం బోర్డుకు 5 వోల్టులు ఇస్తే డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చేది), 200 ఓమ్‌ల రెసిస్టరు (కరెంటును తగ్గించేది) గుండా బ్యాటరీకి ఛార్జింగ్ వెళ్తుంది. సీఆర్2032 ఛార్జ్ చేయదగ్గది కాదు. ఆ రెసిస్టరు తీసేయాలని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా తొందరలో వదిలేసి, పిల్లల తలల పైన గోడకు ఆ పెట్టెను బిగించాను. ఈ తప్పు మాత్రం పూర్తిగా నాదే, ఎవరి మీదా నెట్టను.

కొనేవాళ్లు బిల్లు లేకుండా కొనకండి. ముందు ఒక్కటే కొని వారం రోజులు ఫోను సమయంతో పోల్చి చూడండి. బ్యాటరీ పెట్టే ముందే ఆ రెసిస్టరు పీకేయండి.

సోమవారం గంట మోగే లోపు పాత మాడ్యూల్‌ను ఆ పెట్టెలో పెట్టి వస్తాను. కింద పడినా అది ఇంకా సరిగ్గానే నడుస్తోంది. మిగతా నాలుగు బడులకు ఏం చెప్పాలో మాత్రం తెలియడం లేదు.