యాపిల్ టీవీలో సింగిల్ సైన్-ఆన్: సగం దూరం తీసుకెళ్లే సౌకర్యం

అమెరికాలో కేబుల్ లేదా శాటిలైట్ చందా కట్టేవారు అదే చందాతో ఛానళ్ల యాప్‌లను కూడా చూసుకునే ఏర్పాటును కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్, ఛానళ్ల యజమాని టైమ్ వార్నర్ 2009లో ‘టీవీ ఎవ్రీవేర్’ పేరుతో ముందుకు తెచ్చాయి. ఆలోచన మంచిదే కానీ, ప్రతి యాప్ తెరపై ఒక కోడ్ చూపించి, దానిని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కొట్టమని, ఆపైన కేబుల్ కంపెనీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వమని అడిగేది. బిల్లు నెలనెలా దానంతటదే కట్టుబడిపోయే ఇంట్లో ఆ పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? ఈ విసుగుకు విరుగుడుగా యాపిల్ సంస్థ 2016 జూన్‌లో, ఒకే లాగిన్‌తో పలు ఛానళ్ల యాప్‌లు తెరుచుకునే సింగిల్ సైన్-ఆన్‌ను ప్రకటించి, ఆ డిసెంబరులో, టీవీకి తగిలించుకునే తన యాపిల్ టీవీ పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్ టీవీఓఎస్ 10.1తో అమెరికా వినియోగదారులకు అందించింది.

పని చేసే చోట ఇది నిజంగా హాయిగా ఉంటుంది. సెట్టింగ్స్‌లోని ‘టీవీ ప్రొవైడర్’ విభాగంలో ఒకసారి లాగిన్ అయితే, ఆ తరువాత తెరిచిన యాప్ మన చందా వివరాలను వాడుకోవడానికి అనుమతి మాత్రమే అడుగుతుంది. అడగకుండా వాడుకోకపోవడం మెచ్చుకోదగిన విషయం.

చిక్కంతా ‘పని చేసే చోట’ అన్న మాటలోనే ఉంది. ఒక యాప్ ఇలా తెరుచుకోవాలంటే యాపిల్ ఇచ్చే సాంకేతిక ఏర్పాటును ఛానల్ తన యాప్‌లో కలుపుకోవాలి, కేబుల్ కంపెనీ తన ఖాతాల వ్యవస్థను దానికి జోడించాలి, పైగా ఆ ఛానల్‌కూ ఆ కంపెనీకీ ప్రసార ఒప్పందం ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మళ్లీ పాత కోడ్ తెరే ప్రత్యక్షమవుతుంది. ప్రారంభంలో డైరెక్‌టీవీ, డిష్ అనే శాటిలైట్ కంపెనీలు, ఇంటర్నెట్ ద్వారా ఛానళ్లు ఇచ్చే స్లింగ్ వంటివి చేరినా, కేబుల్ రంగంలో అతి పెద్దవైన కామ్‌కాస్ట్, చార్టర్ చేరలేదు. ఇది ఇంజనీర్ల అసమర్థత అని నేను అనుకోను. తమ చందాదారు తమ లాగిన్ పేజీకి రాకుండా మరొకరి సెట్టింగ్స్ నుంచే వెళ్లిపోవడం ఏ కేబుల్ కంపెనీకి రుచిస్తుంది?

2018లో యాపిల్ మరో అడుగు వేసి ‘జీరో సైన్-ఆన్’ను ప్రకటించింది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్, టీవీ చందా ఒకే కంపెనీవైతే, ఆ నెట్‌వర్క్‌ను గుర్తించి పాస్‌వర్డ్ అడగకుండానే యాప్‌లను తెరిచే ఈ పద్ధతిలో తొలి భాగస్వామి చార్టర్. ముచ్చటైన ఆలోచనే అయినా, ఇంటర్నెట్ ఒకరి దగ్గర, టీవీ మరొకరి దగ్గర తీసుకున్న ఇంటికి దీనితో ఒరిగేదేమీ లేదు.

అసలు పరిమితి ఇంకా లోతైనది. ఈ సౌకర్యం కేబుల్ చందాను ఆధారంగా చేసుకున్నది కాగా, ప్రేక్షకులు కేబుల్‌ను వదిలి, నెట్‌ఫ్లిక్స్ వంటి నేరుగా చందా తీసుకునే సేవల వైపు మళ్లుతున్నారు. వాటి ఖాతాలు వాటివే, పాస్‌వర్డులు వాటివే. అమెరికాలోని తెలుగు కుటుంబాలు చూసే ఆహా, యప్ టీవీ కూడా ఇదే కోవలోనివి. కనుక అమెరికా ఛానళ్ల కోసం సింగిల్ సైన్-ఆన్ ఎంత చక్కగా అమర్చుకున్నా, తెలుగు సినిమా పెట్టుకునే వేళకు వేరే లాగిన్ తప్పదు. కొడుకు ఇంటికి వచ్చిన తల్లిదండ్రులకు పగటిపూట కావలసింది సాధారణంగా అదే.

ఏదైనా యాప్ అకస్మాత్తుగా ‘మీ చందాలో ఈ ఛానల్ లేదు’ అన్నప్పుడు, లోపం యాప్‌దా, కేబుల్ కంపెనీదా, యాపిల్‌దా అన్నది తెర మీది సందేశాన్ని బట్టి తేల్చుకోవడం కష్టం. కేబుల్ చందా ఉండి, వార్తలు, క్రీడల ఛానళ్ల యాప్‌లు ఎక్కువగా చూసేవారికి ఇది తప్పక ఉపయోగపడుతుంది. మిగిలినవారు దీని కోసమే యాపిల్ టీవీ పెట్టె కొనవలసిన పని లేదు. కొనేముందు తమ కంపెనీ పేరుతో పాటు, తాము రోజూ చూసే యాప్‌ల పేర్లు కూడా యాపిల్ ప్రకటించిన జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.