డాలర్ బిళ్ళ మేలా, డాలర్ నోటు మేలా?

అమెరికా వచ్చిన కొత్తలో రైలు టికెట్ మెషీన్‌లో ఇరవై డాలర్ల నోటు పెడితే చిల్లర గలగలమంటూ పడింది, అన్నీ పసుపు రంగు బిళ్ళలు. ఏ వీడియో గేమ్ టోకెన్లో అనుకున్నా. తీరా చూస్తే ఒక్కోటీ డాలర్, మీద బిడ్డను వీపున కట్టుకున్న సకాజవియా అనే అమెరికా ఆదివాసీ మహిళ బొమ్మ. మర్నాడు కాఫీ కొట్లో నాలుగు ఇస్తే కౌంటర్‌లో అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసి మేనేజర్‌ని పిలిచింది. చెల్లుతుందని ఆయన చెప్పాకే తీసుకుంది.

ఖర్చు లెక్కలో బిళ్ళదే పైచేయి అనుకుంటాం. నోటు నలిగి చిరుగుతుంది, బిళ్ళ 30 ఏళ్ళైనా ఉంటుంది. ప్రభుత్వ లెక్కలు చూసే జీఏఓ కూడా 2011లో అదే అంది, నోటు ఆపేసి బిళ్ళకు మారితే 30 ఏళ్ళలో 550 కోట్ల డాలర్లు మిగులుతాయని. ఆ మిగులు ఎక్కడినుంచి వస్తుందో చూస్తే మాత్రం నవ్వొస్తుంది. జనం బిళ్ళల్ని డ్రాయర్లలో, డబ్బాల్లో పడేసి మర్చిపోతారు కాబట్టి ఒక్కో నోటు బదులు ఒకటిన్నర బిళ్ళ వదలాల్సి వస్తుందట, బిళ్ళ ముఖవిలువలో తయారీ ఖర్చు పోగా మిగిలేది సర్కారు లాభం. అంటే మన సోఫా సందుల్లో పడ్డ చిల్లరే వాళ్ళ ఆదా! 2019కల్లా అదే సంస్థ, మారితే నష్టమే అని తేల్చింది, ఎందుకంటే పనికొచ్చే నోట్లనీ పాడైనవాటినీ ఏరే యంత్రాలు మెరుగుపడి డాలర్ నోటు ఆయుష్షు 3.3 ఏళ్ళ నుంచి 7.9 ఏళ్ళకు పెరిగింది.

బిళ్ళకి జరిగిన అన్యాయమూ ఉంది. 1979లో ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన సుసాన్ ఆంథొనీ బొమ్మతో తెచ్చినది సైజులోనూ రంగులోనూ పావలా డాలర్‌కి కవల పిల్లలా ఉంది, ఎవరు వాడతారు? 2007 నుంచి ప్రెసిడెంట్ల బొమ్మలతో కొట్టారు, అవీ కదల్లేదు. కొందరు తెలివైనవాళ్ళు టంకశాల నుంచి క్రెడిట్ కార్డు మీద ముఖవిలువకే తెప్పించుకుని, నేరుగా బ్యాంకులో కట్టేసి, కార్డు వాడినందుకు వచ్చే విమానం మైళ్ళు (టికెట్లకు పనికొచ్చే పాయింట్లు) ఉచితంగా కొట్టేశారు. 2011 చివర్లో వాడకానికి కొట్టడం ఆపేసరికి 140 కోట్ల బిళ్ళలు ఖజానాల్లో మూలుగుతున్నాయి. కెనడా వాళ్ళు 1987లో బిళ్ళ తెచ్చి 1989లో నోటు ఆపేశారు, గొడవ లేదు. అమెరికా నోటు ఆపనే లేదు. రెండూ దొరుకుతుంటే బరువైనది ఎవడు మోస్తాడు? బిళ్ళ 8.1 గ్రాములు, నోటు ఒక్క గ్రాము. డాలర్‌నే వాడే ఈక్వడార్‌లో ఈ సకాజవియా బిళ్ళలు చేతులు మారుతూనే ఉన్నాయి మరి.

నన్నడిగితే జేబుకి నోటే మేలు, ఇప్పుడు సర్కారుకి కూడా అదే. బిళ్ళ గెలిచే చోటు నాకు ఒక్కటే కనిపించింది, చదివింపుల కవరు. ఊళ్ళో అయితే కవరు మీదే రూపాయి బిళ్ళ అంటించి వస్తుంది. ఇక్కడ 50కో 100కో పైన ఒక్క డాలర్ నోటు పెడుతుంటే అమ్మ ఫోన్‌లో, "కాగితం ఏంట్రా, బిళ్ళ పెట్టు" అంటుంది. అందుకని బ్యాంకుకెళ్ళి 25 బిళ్ళల రోల్ ఒకటి తెచ్చుకున్నా. మూడేళ్ళైంది, ఇంకా పంతొమ్మిది ఉన్నాయి.